నడినీట ల్యాప్‌టాప్‌కు కరెంటు

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమున, నిండుమట్టమైన 590 అడుగుల వరకు 408 టి.ఎం.సి.ల నీరు నిలుచునని తొలినాటి ఇంజనీర్లు లెక్క కట్టిరి. అదే మట్టమున నిలుచునది 312 టి.ఎం.సి.లు మాత్రమేనని తరువాతి లెక్క. ఎగువనున్న శ్రీశైలమున 308గా మొదలైన సంఖ్య 215 దరికి దిగివచ్చినది. ఆనకట్ట ఎత్తు తగ్గలేదు, గట్టు తెగలేదు. కృష్ణయు తుంగభద్రయు తమ దారి పొడవున కోసి తెచ్చిన ఒండ్రు ఏటేట జలాశయముల అడుగున పేరుకొని, నీరుండవలసిన చోటును చాలవరకు తానాక్రమించుకొన్నది. కంటికి కనరాని ఈ పూడికను కొలుచుటకు ఇంజనీర్లు నీటిమీదికి తీసికొనిపోవు సామగ్రిలో ఒక ల్యాప్‌టాప్ తప్పక ఉండును. ఆ ల్యాప్‌టాప్‌కు దినమంతయు విద్యుత్తు ఎట్లు అందింపవలెనన్న ప్రశ్న చూచుటకు అల్పముగనే తోచును గాని, దానిని సరిగా విప్పుకొనక నీటిమీదికి పోయినవారు మధ్యాహ్నమునకే ఒడ్డుకు మరలవలసివచ్చును.

సర్వే జరుగు తీరు తెలిసినగాని ఈ చిక్కు బోధపడదు. వానలు వెనుకపట్టి జలాశయము నిండుగా ఉన్న నెలలలో ఈ పని చేయుదురు. నీరు ఎంతమేర పరచుకొని ఉన్న అంతమేర పడవ పోగలదు గదా. నది పారు దిక్కునకు అడ్డముగా, ఈ గట్టు నుండి ఆ గట్టుకు సమాంతరరేఖలను ముందే గీసికొని, ఆ గీతలు తప్పకుండ పడవను నడిపింతురు. పడవ ప్రక్కన నీటిలో మునిగియున్న ఎకోసౌండరు సెకనునకు పలుమారులు శబ్దమును అడుగునకు పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. శబ్దము నీటిలో సెకనునకు సుమారు 1500 మీటర్లు పోవును గావున, సెకనులో 25వ వంతునకు ప్రతిధ్వని వినవచ్చినచో అచటి లోతు 30 మీటర్లన్నమాట. అదే క్షణమున పడవ ఉన్న తావును జి.పి.ఎస్. చెప్పును. ఈ రెంటిని జతచేసి వ్రాసికొనుట ల్యాప్‌టాప్ పని. అంతటితో పోక, తెరమీద గీతను చూపి, పడవ ఎడమకు తొలగినదో కుడికి తొలగినదో సరంగునకు ఎప్పటికప్పుడు తెలుపుచుండును. అది ఆరిపోయినచో పడవ ఉన్నను, సరంగు ఉన్నను, సర్వే లేదు.

ఈ పనికి వాడు పడవ సామాన్యముగా పెద్దది కాదు. ఫైబర్‌గ్లాసుతోనో రేకుతోనో చేసి, వెనుక అవుట్‌బోర్డు ఇంజను తగిలించినది. త్రాడు లాగి స్టార్టు చేయు చిన్న ఇంజనులలో పెక్కింటికి బ్యాటరీని చార్జి చేయు ఏర్పాటే ఉండదు, ఉన్నవాటిలోను అది ఇచ్చు కరెంటు కొద్ది ఆంపియర్లను మించదు. కావున విద్యుత్తంతయు, ఒడ్డున రాత్రి చార్జి చేసి తెల్లవారుజామున మోసికొనివచ్చి పడవలో దించిన 12 వోల్టుల సీసపు బ్యాటరీ నుండియే రావలెను. అందున్నది ఏకముఖ విద్యుత్తు, అనగా డి.సి.; ఆరు గదులు, గదికి ఇంచుమించు రెండు వోల్టులు. ల్యాప్‌టాప్ కోరునదియు డి.సి.యే గాని, దానికి కావలసినది 19 లేక 20 వోల్టులు. నడుమనున్న అంతరము ఏడెనిమిది వోల్టులు మాత్రమే.

ఈ కొద్దిపాటి అంతరమును దాటుటకు మనవారు మొట్టమొదట తలచునది ఇన్వర్టరునే; అందు వింత ఏమియు లేదు. కరెంటు కోతల కాలమున తెలుగునాట పట్టణములలో ఎన్నో ఇండ్ల మెట్ల క్రింద, వంటగది మూలల, బ్యాటరీతో సహా ఆ పెట్టె కొలువుదీరినది. దానికి డిస్టిల్డ్ వాటరు పోయుట గృహకృత్యములలో ఒకటైనది. పడవలో ల్యాప్‌టాప్ నడుపవలెనని చెప్పి అంగడిలో అడిగినవానికి అంగడివాడు, "ఏముందండీ, వెయ్యి వాట్లది తీసుకెళ్ళండి, ల్యాప్‌టాప్‌తో పాటు ఫ్యానూ తిరుగుతుంది" అనును. కొనువాడును, పెద్దది కొన్నచో పదికాలములు పనికివచ్చునని తలచి సరే యనును. ఇంటికి ఈ సలహా చెల్లవచ్చును. పడవకు చెల్లదు, ఏలయనగా ఇంటిలో పోయిన కరెంటు గంటకో రెండు గంటలకో తిరిగి వచ్చి బ్యాటరీని నింపును, నడినీట సాయంకాలము దాక నింపువారు లేరు.

ఇన్వర్టరు చేయు పనిని కొంచెము దగ్గరగా చూతము. బ్యాటరీ నుండి వచ్చు 12 వోల్టుల డి.సి.ని అది సెకనునకు వేల మారులు త్రెంచుచు కలుపుచు, చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా మూడువందల పైచిలుకు వోల్టులకు పెంచి, పిమ్మట దానిని సెకనునకు 50 ఆవృత్తములు గల 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుగా, అనగా ఏ.సి.గా మలచును. ఆ ఏ.సి.ని అందుకొన్న ల్యాప్‌టాప్ అడాప్టరు మొట్టమొదట చేయునది దానిని మరల డి.సి.గా మార్చుట, అప్పుడది 325 వోల్టుల దరి నుండును, తరువాత దానిని త్రెంచి, తగ్గించి, 19 వోల్టులకు దింపును. నేలతొట్టిలోని నీటిని మోటారు పెట్టి మేడమీది ట్యాంకునకెక్కించి, అచటినుండి కుళాయి గుండ దింపి, తొట్టి ప్రక్కనే ఉన్న బిందెను నింపుట వంటిది ఈ వ్యవహారము. ఎక్కుటలో కొంత, దిగుటలో కొంత నష్టము తప్పదు: ఇన్వర్టరు నూటికి 88 పాళ్లును, అడాప్టరు అందులో మరల నూటికి 88 పాళ్లును ముందునకు పంపునవి యైనచో, బ్యాటరీని విడిచిన శక్తిలో ల్యాప్‌టాప్‌ను చేరునది నూటికి 77 పాళ్లు. తక్కినది వేడియై గాలిలో కలియును.

కావున ఇన్వర్టరును ఎంచువాడు వేసికొనదగిన మొదటి ప్రశ్న, అసలు ఇన్వర్టరు కావలెనా యన్నది. 12 వోల్టుల డి.సి.ని నేరుగా 19 లేక 20 వోల్టుల డి.సి.గా పెంచు చిన్న పరికరములు, కార్లలో వాడుటకై చేసినవి, అంగళ్లలో దొరకును. వానిలో నష్టము నూటికి పదిపాళ్ల దరిలోనే ఉండును. కొత్త ల్యాప్‌టాప్‌లలో పెక్కు టైప్-సి రంధ్రము ద్వారా చార్జి అగును. పవర్ డెలివరీ అను ఏర్పాటు ననుసరించి చేసిన కారు చార్జరు ఆ దారిని 20 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు, అనగా 100 వాట్లు ఇయ్యగలదు. 2021లో వెలువడిన కూర్పులో ఈ హద్దు 240 వాట్లకు పెరిగినది. 230 వోల్టుల భయము లేదు, ఫ్యాను రొద లేదు, అరచేతిలో ఇమిడిపోవును. నన్నడిగినచో, టైప్-సి ల్యాప్‌టాప్ ఉన్నవారు ఇన్వర్టరు అంగడికి పోకముందే ఇట్టి చార్జరునొకదానిని కొని చూచుకొనుట మేలు. కొనునప్పుడు మొత్తము వాట్లు కాక, ఒక్క రంధ్రమునకు ఎన్ని వాట్లో చదువుకొనవలెను; రెండు మూడు రంధ్రముల మొత్తమును అట్టపెట్టెమీద పెద్ద అక్షరములతో ముద్రించు అలవాటు వ్యాపారులకు కలదు.

అయినను ఇన్వర్టరు అవసరము పూర్తిగా తీరిపోదు. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ అడాప్టరును ఒక చిన్న సంకేతముచేత గుర్తుపట్టి, పరాయి అడాప్టరు తగిలించినచో చార్జి చేసికొనుటకు నిరాకరించును. సర్వేబృందము వెంట వాకీటాకీలుండును, కెమెరాలుండును, ఒడ్డున నేలను కొలుచు పరికరముల బ్యాటరీలుండును. వానిలో ఎక్కువభాగమునకు కంపెనీవారిచ్చిన చార్జరు 230 వోల్టుల ప్లగ్గుతోనే ఉండును. ఇట్టి సందర్భములలో ఇన్వర్టరు కొనకతప్పదు. కొనునది ఎంతటిది యన్నది తరువాతి మాట.

ఇచట చాలమంది అడాప్టరు మీది చీటీని చదివి మోసపోదురు. 65 వాట్ల అడాప్టరునొకదానిని త్రిప్పి చూచినచో, ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 1.7 ఆంపియర్లు అని ఒక పంక్తియు, అవుట్‌పుట్ 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని మరియొక పంక్తియు కనబడును. మొదటి పంక్తిలోని 240ని 1.7చే గుణించినవానికి 408 వచ్చును. నాలుగువందల వాట్ల ఇన్వర్టరు లేనిదే పని జరుగదని అతడు నిశ్చయించుకొనును. కాని ఆ 1.7 ఆంపియర్లు 240 వోల్టుల వద్ద గైకొనునవి కావు. వోల్టేజి అన్నిటికంటె తక్కువగా, నూరు వోల్టులుగా ఉన్నప్పుడు, అడాప్టరు కరెంటును సాఫీగా కాక కుదుపులుగా లాగికొను స్వభావమును కూడ లెక్కలోనికి తీసికొని వ్రాసిన గరిష్ఠసంఖ్య అది. నిజమైన లెక్క రెండవ పంక్తిలో ఉన్నది: 19.5ను 3.34చే గుణించిన 65. అడాప్టరు నష్టమును చేర్చుకొన్నను 75 వాట్లు మించదు. ఆ కుదుపులకును, ప్లగ్గు పెట్టిన క్షణమున ఒక్కసారిగా లాగు కరెంటునకును కొంత వెసులుబాటు ఉంచినచో 150 వాట్ల ఇన్వర్టరు నిశ్చింతగా చాలును. మరికొన్ని చార్జరులు తోడైనచో 300. ఈ సంఖ్యలు నిలకడగా ఇయ్యగల వాట్లని గుర్తుంచుకొనవలెను; పెట్టెమీద పెద్దగా ముద్రించు పీక్ వాట్లు క్షణకాలపు ముచ్చట.

పెద్దది కొన్నచో డబ్బు తప్ప పోవునదేమి యని అడుగువారుందురు. పోవునది కరెంటు. ఇన్వర్టరు ఏ పనియు చేయకున్నను, తాను మేలుకొనియుండుటకే కొంత కరెంటును త్రాగును. 150 వాట్ల చిన్నదానికి అది అర ఆంపియరు లోపు. వెయ్యి వాట్ల పెట్టెకు ఒక ఆంపియరు వరకును, నాసిరకమైనచో అంతకు మించియు ఉండును. ఆరుగంటల పని యనుకొందము. ఎండలో తెర కనబడవలెనని వెలుతురు పూర్తిగా పెంచిన ల్యాప్‌టాప్ సగటున 45 వాట్లు కోరుననుకొందము. కారు చార్జరుతో నేరుగా ఇచ్చినచో బ్యాటరీ నుండి సుమారు 25 ఆంపియర్-గంటలు ఖర్చగును. చిన్న ఇన్వర్టరుతో 29. వెయ్యి వాట్ల దానితో 33 పైన. ఎకోసౌండరు, జి.పి.ఎస్. కలిసి మరియొక పది. నూరు ఏ.హెచ్., అనగా ఆంపియర్-గంటలు, అని వ్రాసిన సీసపు బ్యాటరీ నుండి, దాని ఆయుర్దాయము చెడకుండ, తీసికొనదగినది సగము. కొత్తదైనచో 50 దొరకును గావున మూడు విధములును గట్టెక్కును. రెండు మూడేండ్లు వాడి శక్తి నూటికి 80 పాళ్లకు దిగిన బ్యాటరీయైనచో సగము 40 మాత్రమే. అప్పుడు చిన్న ఇన్వర్టరు అంచున నిలుచును, పెద్దది సాయంకాలపు చివరి గీతలు పూర్తికాకమునుపే సర్వేను ముగించును.

ల్యాప్‌టాప్ కడుపులో దానిదైన బ్యాటరీ ఒకటి ఉన్నదన్న సంగతిని జనులు ఏలనో మరచిపోదురు. ఇన్వర్టరును దినమంతయు వెలిగించియుంచ నక్కరలేదు. ల్యాప్‌టాప్ చార్జి నూటికి 30కి దిగినప్పుడు వేసి, 80కి ఎక్కిన పిమ్మట ఆర్పినచో, ఊరక త్రాగు కరెంటు చాలవరకు మిగులును. ఈ ఉపాయమునకు ఇంకొక ప్రయోజనము కూడ కలదు. అది విద్యుత్తు లెక్కకంటె సర్వేకు ముఖ్యమైనది.

ఇన్వర్టరు లోపల కరెంటును త్రెంచు వేగము పదుల కిలోహెర్ట్‌జులలో ఉండును. అట్లు త్రెంచునప్పుడు ఆ వేగమునకు గుణిజములైన పౌనఃపున్యములన్నిటను కొంత రొద పుట్టును. త్రెంపు వేగము 50 కిలోహెర్ట్‌జులైనచో 100, 150, 200 కిలోహెర్ట్‌జుల వద్ద. ఎకోసౌండరు ఒండ్రు పైపొరను కనుగొనుటకు పలుకు పౌనఃపున్యము సాధారణముగా 200 కిలోహెర్ట్‌జులే. పడవ ప్రక్కన నీటిలో వ్రేలాడుచు, ముప్పది నలువది మీటర్ల క్రిందనున్న మెత్తని బురద నుండి వచ్చు బలహీనమైన ప్రతిధ్వనికై కాచుకొనియున్న ఆ పరికరమునకు, రెండు మూరల దూరమున వైరులగుండ వచ్చు ఈ రొద నిజమైన ప్రతిధ్వనివలెనే వినబడవచ్చును. తెరమీద అడుగును చూపు గీత సాఫీగా పోవుచుండగా, నడుమ నడుమ నీటిలో ఏవో చుక్కలు, అడ్డగీతలు కనబడును; కార్యాలయమునకు వచ్చి లెక్కలు వేయువారు వాటిని చేపలగుంపులనియో, మునిగిన చెట్లనియో భ్రమపడుదురు. ఆనకట్ట కట్టకముందు అచట ఊళ్లుండెను, తోపులుండెను. అందువలన మునిగిన చెట్లన్న ఊహ నమ్మదగినదిగనే తోచును.

అనుమానము తీర్చుకొనుటకు ఖరీదైన పరికరమేదియు అక్కరలేదు. పడవను ఒకచోట నిలిపి, ఎకోసౌండరు తెరను చూచుచు ఇన్వర్టరు ప్లగ్గును పెరుకవలెను. చుక్కలు మాయమైనచో దొంగ దొరికినట్లే. కారు చార్జరులును ఈ దోషమునకు అతీతములు కావు. మరీ చౌకవి ఇన్వర్టరుకంటె ఎక్కువ రొద చేయుటయు కలదు. విరుగుడుగా ఎకోసౌండరునకు వేరొక చిన్న బ్యాటరీని పెట్టుదురు. ఇన్వర్టరును ఎకోసౌండరు తలకును దాని కేబులునకును ఎడముగా ఉంచుదురు. బ్యాటరీ వైరులు రెంటిని ఒకదానితో ఒకటి పెనవేయుదురు, దానివలన సమీపమున దిక్సూచి ఉన్నచో దాని ముల్లు చెదరుటయు తగ్గును. వైరులకు ఫెర్రైటు గుండ్లను తగిలింతురు. ఇవన్నియు చేసియు రొద తగ్గనిచో, గీతమీద నడచుచున్నంతసేపు ల్యాప్‌టాప్‌ను దాని సొంత బ్యాటరీమీదనే నడిపి, ఒక గీత ముగిసి మరియొకదానికి మరలునప్పుడును, మధ్యాహ్నము భోజనములకై గట్టు చేరినప్పుడును మాత్రమే ఇన్వర్టరును వేయుట మిగిలిన మార్గము. నా దృష్టిలో అన్నిటికంటె మేలైనదియు ఇదియే.

అలల ఆకారమును గూర్చి అంగళ్లలో పెద్ద చర్చ జరుగును. ప్యూర్ సైన్ వేవ్ అనునది ఇంటికి వచ్చు కరెంటువలె నున్నగా ఎక్కి దిగును. మాడిఫైడ్ సైన్ వేవ్ అని గౌరవముగా పిలువబడునది మెట్లు మెట్లుగా ఎగసి పడును. ల్యాప్‌టాప్ అడాప్టరు వచ్చిన ఏ.సి.ని వెంటనే డి.సి.గా మార్చుకొనునది గావున మెట్ల అలతోను తరచుగా పనిచేయును. కొన్ని కొంచెము గుయ్యిమని మ్రోగును, కొన్ని ఎక్కువగా వేడెక్కును, పెద్ద అడాప్టరులు కొన్ని చార్జి చేయుట మానును. మెట్ల అంచులు నిటారుగా ఉండుటచేత రొద కూడ హెచ్చు. చిన్న పరిమాణములో రెంటి ధరల భేదము ఇప్పుడు తగ్గినది గావున, ఈ విషయమున మీమాంస అనవసరము. ప్యూర్ సైన్ వేవ్ కొనవలెను.

ఐసోలేషనును గూర్చి మాత్రము తప్పక విచారింపవలెను. మంచి ఇన్వర్టరులో బ్యాటరీ వైపునకును 230 వోల్టుల వైపునకును నడుమ ట్రాన్స్‌ఫార్మరు తప్ప లోహసంబంధము ఉండదు. చౌకవానిలో కొన్నిటియందు ఈ ఎడబాటు లేదు. వాటి అవుట్‌పుట్ వైరులు బ్యాటరీ నెగటివ్‌తో పోల్చినచో ప్రమాదకరమైన వోల్టేజిలో ఉండును. పడవ రేకుదై, బ్యాటరీ నెగటివ్ ఇంజను ద్వారా ఆ రేకును అంటియున్నదై, దానిమీద తడికాళ్లతో నిలిచినవాడు తెగిన వైరును తాకినచో ఫలితమును వేరుగా చెప్పనక్కరలేదు. మనిషి తప్పించుకొన్నను పరికరములు తప్పించుకొనకపోవచ్చును: ల్యాప్‌టాప్ ఒకవంక ఇన్వర్టరునకు, మరియొకవంక డేటా కేబులుచేత ఎకోసౌండరునకు, ఎకోసౌండరు అదే బ్యాటరీకి కట్టుబడియున్నచో, ఈ చక్రములో అనుకోని కరెంటు తిరిగి ల్యాప్‌టాప్ రంధ్రమునో, లక్షల ఖరీదు చేయు ఎకోసౌండరునో కాల్చవచ్చును. ఐసోలేషను కలదని కాగితము మీద స్పష్టముగా వ్రాసిన ఇన్వర్టరును తీసికొనుటయు, డేటా కేబులు నడుమ చిన్న ఐసోలేటరునొకదానిని పెట్టుటయు ఇందులకు తగిన జాగ్రత్తలు.

ఇక వైరులు. ఇంత విచారించి మంచి ఇన్వర్టరు కొన్నవారే, ఇంటి వైరింగులో మిగిలిన ముక్కతో దానిని బ్యాటరీకి కట్టుట తరచు చూతుము. 12 వోల్టుల వద్ద కొద్ది వాట్లకే ఎక్కువ ఆంపియర్లు కావలెను: 150 వాట్లు పూర్తిగా ఇచ్చునప్పుడు ఇన్వర్టరు బ్యాటరీ నుండి 14 ఆంపియర్లు లాగును. బ్యాటరీ పడవ వెనుకభాగమున, ల్యాప్‌టాప్ ముందుభాగమున, నడుమ అయిదు మీటర్లున్నచో పోకయు రాకయు కలిసి పది మీటర్ల రాగి. ఇండ్లలో ప్లగ్గులకు వాడు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైనచో, పది మీటర్లలో 14 ఆంపియర్లకు పోవునది ఇంచుమించు ఒక వోల్టు. 230లో ఒక వోల్టు పోయిన ఎవరికిని తెలియదు. 12లో పోయినచో పన్నెండవ వంతు పోయినట్లు. పది చదరపు మిల్లీమీటర్ల వైరు వేసినచో ఆ నష్టము పావు వోల్టునకు దిగును. అంతకంటె తెలివియైన పని, ఇన్వర్టరును బ్యాటరీకి ఒక మీటరు దూరములో ఉంచి, దూరమంతయు 230 వోల్టుల వైపుననే నడుచునట్లు చేయుట. అచట ప్రవహించునది ఆంపియరులో మూడింట రెండు వంతులే గావున నష్టము లెక్కకు రాదు. అట్లు చేసినప్పుడు ఆ తీగ రెండు తొడుగులు గలదై, నీరు చేరు పడవ అడుగున కాక అంచు వెంబడి ఎత్తుగా పోవలెను.

బ్యాటరీ నుండి బయలుదేరు పాజిటివ్ వైరుమీద, జానెడు దూరము దాటకమునుపే ఫ్యూజు ఉండవలెను. ఈ 150 వాట్ల ఇన్వర్టరునకు 20 ఆంపియర్లది సరిపోవును. ఇన్వర్టరులోనే ఫ్యూజున్నది గదా యని కొందరందురు. అది ఇన్వర్టరును కాచును, వైరును కాదు. నడుమ ఎచటనో వైరు ఒరసి షార్టయినచో, ఆ చివరనున్న ఫ్యూజునకు సంగతియే తెలియదు, బ్యాటరీ మాత్రము వందల ఆంపియర్లను కుమ్మరించి వైరును కొలిమిగా మార్చును. పెట్రోలు డబ్బా ఉన్న చిన్న పడవలో ఇది ఎట్టి ప్రమాదమో ఊహింపవచ్చును. అందువలననే ఇన్వర్టరును పెట్రోలు డబ్బా దరినిగాని, బ్యాటరీ ఉన్న మూత పెట్టెలోగాని పెట్టరాదు. సీసపు బ్యాటరీ చార్జి అగునప్పుడు వెలువరించు హైడ్రోజను గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరినంతనే నిప్పురవ్వకు అంటుకొనును, ఇన్వర్టరు స్విచ్చులో అట్టి రవ్వ పుట్టుట కష్టము కాదు. కారు సిగరెట్ లైటరు రంధ్రమువంటి సాకెట్టుతో కలుపుట సులభమే గాని, పడవ కుదుపులకు ప్లగ్గు వదులై వేడెక్కును, తడికి చిలుము పట్టును. తెరచి చూచినచో స్ప్రింగు కొన పచ్చబారి ఉండును. స్క్రూలతో బిగించిన కలయికయే మేలు. సముద్రము మీద తిరుగు నావలలో ఉప్పుగాలికి రాగి మరింత త్వరగా చెడును గావున అచట తగరపు పూత వేసిన తీగలు వాడుదురు.

మిగిలినది ఇన్వర్టరు అరపు. బ్యాటరీ వోల్టేజి 10.5 దరికి దిగినప్పుడు అది కీచుమని అరచును, 10కి దిగినచో ఆగిపోవును. అది అరచువరకు బ్యాటరీలో సత్తువ ఉన్నదని నమ్మి వాడుకొనుట మనవారి అలవాటు. ఆ అరపు ఇన్వర్టరు తన క్షేమముకొరకు పెట్టుకొన్నది. ల్యాప్‌టాప్ వంటి చిన్న బరువు మీద సీసపు బ్యాటరీ 10.5కు దిగినదనగా, గదికి 1.75 వోల్టుల చొప్పున, అది పూర్తిగా ఖాళీయైనట్లు. అట్లు నాలుగైదు మారులు ఖాళీ చేసి రాత్రికి సరిగా నింపనిచో, పలకల మీద సల్ఫేటు గట్టిపడి, నూరు ఏ.హెచ్. అని వ్రాసియున్న బ్యాటరీ సగము పనియైన చేయదు. విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.7 వోల్టులును, సగమైనప్పుడు 12.1 వోల్టులును చూపును. వైరులు సన్నమైనచో ఇందుకు వ్యతిరేకమైన వేడుక జరుగును: సగము నిండిన బ్యాటరీ పని చేయునప్పుడు 11.9 చూపుచుండగా, వైరులో ఒక వోల్టు పోయి, ఇన్వర్టరు గడపకు 10.9 మాత్రమే చేరును; అంతలో ఎవరైన వాకీటాకీ చార్జరును కూడ తగిలించినచో అరపు మొదలగును, బ్యాటరీ చెడిపోయినదని దానిని తిట్టుదురు. బ్యాటరీ కొనలకే నేరుగా తగిలించిన చిన్న డిజిటల్ వోల్టు మీటరు ఈ రెండు భ్రమలను తొలగించును. ఇంజను స్టార్టు చేయుటకై ప్లేట్లు పలుచగా చేసిన కారు బ్యాటరీ ఈ పనికి పనికిరాదు. ఇంటి ఇన్వర్టరునకు వాడు ట్యూబులర్ రకము ఓర్చును గాని, బరువు విస్తారము, పడవ ఒరిగినప్పుడు ఆమ్లము ఒలుకును. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ తేలిక, నూటిలో 80 పాళ్లు నిర్భయముగా వాడుకొనవచ్చును, ధర ఎక్కువ. దానికి తగిన చార్జరు వేరుగా కొనవలెను.

చిన్న ఇన్వర్టరు వాడినచో, సాయంకాలము గట్టు చేరిన పిమ్మట 39 ఆంపియర్-గంటలు తిరిగి నింపవలసియుండును. పది ఆంపియర్ల చార్జరునకు అది నాలుగు గంటల పని యని లెక్కకు తోచును గాని, సీసపు బ్యాటరీ నిండుచున్న కొలది కరెంటును తక్కువగా తీసికొనును గావున, చివరి అయిదవ వంతునకే మరి కొన్ని గంటలు పట్టును. అతిథిగృహములో రాత్రి పదింటికి చార్జరు పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి ఊడదీసినచో బ్యాటరీ నిండియుండునని నమ్మకము లేదు. నడుమ కరెంటు పోయినచో సరేసరి. సర్వే పది దినములు సాగునదైనచో రెండు బ్యాటరీలను తీసికొనిపోయి, ఒకటి నీటిమీద ఉండగా మరియొకటి గదిలో చార్జి అగునట్లు ఏర్పాటు చేసికొందురు. ఆ రెండవ బ్యాటరీకి పట్టు సొమ్ము, వెయ్యి వాట్ల ఇన్వర్టరు కొనకపోవుటవలన మిగిలిన డబ్బులో కొంతవరకు కలిసివచ్చును.